తెరుచుకోని కంప్యూటర్ – తెగిన పోగు

సిరిసిల్ల పట్టణానికి మరమగ్గాల వల్ల పేరు వచ్చింది. పూర్వం కరీంనగర్ జిల్లాలో భాగమై ఉండి, 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాకు కేంద్రమైన ఆ ఊరిలో మగ్గాల చప్పుడు వీధులలోకి వినిపిస్తూ ఉంటుంది. మగ్గం నడుస్తుండగా పడుగులో ఒక పోగు తెగితే కార్మికుడు మగ్గాన్ని ఆపుతాడు. వందల పోగుల నడుమ తెగినది ఎక్కడుందో వెదికి పట్టుకొంటాడు. దానికి ముడివేసి, మగ్గాన్ని తిరిగి నడుపుతాడు. ఒక్క పోగు తెగినంత మాత్రాన పడుగు మొత్తాన్ని కోసి పారవేయడు.

కంప్యూటర్ విషయంలో మాత్రం ఈపాటి ఓర్పు చాలామందికి ఉండదు. మీట నొక్కిన తరువాత యంత్రం తెరుచుకోకపోతే అందులో ఉన్నదంతా పోయిందని భయపడతారు. మరమ్మతు చేసే వ్యక్తి ‘ఫార్మాట్ చేయాలి’ అనగానే సరేనంటారు. ఫార్మాట్ చేయడమంటే డిస్కును తుడిచి, నిర్వహణ వ్యవస్థను మొదటినుండి తిరిగి స్థాపించడం. చెడిపోయినది ఒక చిన్న ఫైలు కావచ్చు. ఆ తుడిచివేతలో పోయేది కొన్ని సంవత్సరాల శ్రమ కావచ్చు. కంప్యూటర్ ఎందుకు తెరుచుకోదు, తెరుచుకోనప్పుడు దానిని ఏ క్రమంలో బాగుచేయాలి అనే విషయాలు నేటి విద్యార్థి తప్పక తెలుసుకోదగినవి.

ఒక ఉదాహరణ

ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు ప్రాంతానికి చెందిన ఒక డిగ్రీ విద్యార్థిని ఉన్నదనుకొందాం. ఆమె తన అమ్మమ్మ, ఆమె ఈడు వృద్ధురాళ్ళు పాడిన గోండి పాటలను రెండేళ్ళపాటు రికార్డు చేసి ఇంటిలోని పాత కంప్యూటర్‌లో భద్రపరచింది. తరువాత అమ్మమ్మ కన్నుమూసింది. ఒక వానాకాలపు సాయంత్రం ఆమె పని చేసుకొంటూ ఉండగా కరెంటు పోయింది. మరునాడు మీట నొక్కితే నీలిరంగు తెర మీద కంప్యూటర్‌ను మరమ్మతు చేయాలనీ, అవసరమైన ఒక ఫైలు కనిపించడంలేదనీ లేదా అందులో దోషాలున్నాయనీ సందేశం వచ్చింది. దుకాణానికి తీసుకొని వెళితే, “ఫార్మాట్ కొట్టాలమ్మా, వేరే దారి లేదు” అన్నారు.

ఇక్కడ ఆ విద్యార్థినికి కావలసింది కంప్యూటర్ కాదు, అందులోని పాటలు. కంప్యూటర్‌ను మళ్ళీ కొనవచ్చు. అమ్మమ్మ గొంతును కొనలేము. ఆదిలాబాద్ ప్రాంతంలో ఇటువంటి సంపదకు ప్రత్యేకమైన విలువ ఉన్నది. ఆ జిల్లాలోని గుంజాల గ్రామంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గోండి లిపిలోని రాతప్రతులను వెలికితీశారు. ఆ లిపికి 2018లో ప్రపంచ భాషల అక్షరాలన్నింటికీ సంకేతాలనిచ్చే యూనికోడ్‌లో స్థానం లభించింది. తాళపత్రాల మీద, కాగితాల మీద, పెద్దల జ్ఞాపకాలలో నిలిచిన విషయం ఇప్పుడు క్రమంగా కంప్యూటర్‌లోకి చేరుతున్నది. అందువల్ల చెడిన కంప్యూటర్‌ను బాగుచేసే తీరుకూ, ఒక భాషా సంపదను కాపాడుకోవడానికీ నేడు సంబంధం ఏర్పడింది.

యంత్రం మేలుకొనే క్రమం

కంప్యూటర్ ఒక్కసారిగా మేలుకొనదు. నిద్రలేచిన మనిషి కళ్ళు తెరచి, లేచి కూర్చొని, ఆ పిదప నడిచినట్లు అది అంచెలంచెలుగా పనిలో ప్రవేశిస్తుంది. మీట నొక్కగానే ముందుగా మదర్‌బోర్డు మీద ఉండే చిన్న చిప్‌లోని ప్రోగ్రాం పని ప్రారంభిస్తుంది. పాత యంత్రాలలో దీనిని బయాస్ అనేవారు. కొత్త యంత్రాలలో దాని స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చింది. అది జ్ఞాపకశక్తి భాగమైన ర్యామ్, కీబోర్డు, డిస్కు మొదలైనవి సరిగా ఉన్నాయో లేదో పరీక్షిస్తుంది. లోపం ఉంటే కొన్ని యంత్రాలు ‘బీప్’ అనే ధ్వనులతో తెలియజేస్తాయి.

పరీక్ష ముగిసిన తరువాత ఆ ప్రోగ్రాం డిస్కులో బూట్ లోడర్ అనే మరొక చిన్న ప్రోగ్రాంను వెదికి, దానికి బాధ్యతను అప్పగిస్తుంది. పాత పద్ధతిలో దీనికి సంబంధించిన తొలి సమాచారం డిస్కు మొదటి భాగంలో కేవలం 512 బైట్లలో ఇమిడి ఉండేది. బూట్ లోడర్ నిర్వహణ వ్యవస్థలోని కేంద్రభాగాన్నీ, యంత్రంలోని పరికరాలను నడిపే డ్రైవర్ ఫైళ్ళనూ, వ్యవస్థ అమరికల పట్టిక వంటి రిజిస్ట్రీనీ ర్యామ్‌లోకి తెస్తుంది. ఇదంతా పూర్తయితేనే వినియోగదారుని పేరు అడిగే తెర కనిపిస్తుంది.

ఈ క్రమంలో ప్రతి అంచె తన ముందటి అంచె మీద ఆధారపడి ఉంటుంది. నడుమ ఒక ఫైలు చెడితే యంత్రం అక్కడే ఆగిపోతుంది. అయితే పాటలు, ఛాయాచిత్రాలు, పాఠాలు, లెక్కలు వంటి సొంత ఫైళ్ళకు ఈ క్రమంతో సంబంధం లేదు. అవి డిస్కులో తమ చోట తాము ఉంటాయి. ఇంటి తాళం చెడితే తలుపు తెరుచుకోదు. లోపలి గాదెలోని ధాన్యానికి ఏమీ కాదు. కంప్యూటర్ తెరుచుకోనప్పుడు మొదట గుర్తుంచుకోవలసిన సత్యం ఇదే.

ఫైలు ఎందుకు చెడుతుంది?

వ్యవస్థ ఫైలు చెడడానికి కారణాలు అనేకం. అన్నింటికంటె సాధారణమైనది హఠాత్తుగా కరెంటు పోవడం. కంప్యూటర్ తాను రాయవలసిన సమాచారాన్ని ఎప్పటికప్పుడు డిస్కు మీద రాయదు. కొంతసేపు ర్యామ్‌లో ఉంచుకొని, వీలు చూసుకొని రాస్తుంది. రాస్తూ ఉండగా కరెంటు పోతే, చిట్టాపద్దు సగం రాసిన గుమాస్తా చేతినుండి కలం లాగివేసినట్లవుతుంది. ఆ పద్దు పాతదీ కాదు, కొత్తదీ కాదు. అది వ్యవస్థకు కీలకమైన ఫైలు అయితే మరునాడు యంత్రం దానిని చదవలేక ఆగిపోతుంది.

ఉత్తర తెలంగాణకు ఈ కారణం బాగా తెలిసినదే. నేటి పెద్దపల్లి జిల్లాలోని రామగుండంలో 1983లో ఉత్పత్తి ప్రారంభించిన ఎన్‌టీపీసీ థర్మల్ విద్యుత్ కేంద్రం క్రమంగా 2600 మెగావాట్ల సామర్థ్యానికి పెరిగింది. అయినా ఉమ్మడి రాష్ట్రపు చివరి సంవత్సరాలలో చుట్టుపక్కల పల్లెలలోనూ, చిన్న పట్టణాలలోనూ కరెంటు కోతలు నిత్యకృత్యంగా ఉండేవి. దీపం కింద చీకటి అన్న సామెత అక్కడ అక్షరాలా వర్తించింది. తరువాతి కాలంలో సరఫరా మెరుగుపడినప్పటికీ గాలివానలకు తీగలు తెగడం, పిడుగులు పడడం, వోల్టేజి ఒడిదుడుకులకు లోనుకావడం నేటికీ జరిగేవే.

డిస్కులోని కొంత భాగం పాతబడి చదవడానికి వీలుకాకపోవడం, ర్యామ్ లోపం వల్ల తప్పుడు సమాచారం రాయబడడం, వైరస్ ప్రవేశించడం, ఖాళీ స్థలం కోసం వినియోగదారుడు తెలియక వ్యవస్థ ఫైలును తొలగించడం తక్కిన కారణాలు. కొన్ని సందర్భాలలో తయారీదారులు పంపిన కొత్త సవరణలోనే దోషం ఉండవచ్చు. ఈ చివరి కారణం ఎంతటి ఉపద్రవానికి దారితీయగలదో ప్రపంచమంతా ఒకేరోజున చూసింది.

2024 జులై 19

ఆ రోజు శుక్రవారం. అమెరికాకు చెందిన క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ భారత కాలమానం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు తన వినియోగదారుల కంప్యూటర్లకు ఒక చిన్న ఫైలును పంపింది. దానిని అందుకొన్న విండోస్ యంత్రాలు నీలితెర చూపి ఆగిపోయాయి. తిరిగి ప్రారంభిస్తే తిరిగి ఆగిపోయాయి. సంస్థ 10 గంటల 57 నిమిషాలకు ఆ ఫైలును ఉపసంహరించుకొన్నది. గడిచినవి 78 నిమిషాలే. అప్పటికే దాదాపు 85 లక్షల యంత్రాలు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ప్రపంచంలోని విండోస్ యంత్రాలలో ఇది ఒక శాతం కంటె తక్కువ. కాని అవి విమానాశ్రయాలలో, ఆసుపత్రులలో, బ్యాంకులలో ఉన్న యంత్రాలు కావడం వల్ల జనజీవనం స్తంభించింది. శంషాబాద్‌లోని హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులను చేతితో రాసి ఇచ్చారు.

దోషం ఏమిటో తరువాత జరిపిన పరిశీలనలో తేలింది. కొత్త ఫైలు 21వ అంశాన్ని చూడమని చెప్పింది. దానిని చదివే ప్రోగ్రాం వద్ద ఉన్నవి 20 అంశాలే. ఇరవై అరలున్న బీరువాలో ఇరవై ఒకటవ అరను తెరవమంటే ఎవరైనా ఏం చేయగలరు? లేని చోటును చదవబోయి ఆ ప్రోగ్రాం కుప్పకూలింది. అది వ్యవస్థ కేంద్రభాగంలో పనిచేసే ప్రోగ్రాం కాబట్టి తనతోపాటు యంత్రాన్నంతటినీ పడగొట్టింది.

దీనికి చేసిన మరమ్మతు గమనింపదగినది. ఎవరూ 85 లక్షల యంత్రాలను ఫార్మాట్ చేయలేదు. యంత్రాన్ని సేఫ్ మోడ్‌లో, అంటే అత్యవసరమైన ఫైళ్ళతో మాత్రమే నడిచే స్థితిలో తెరవడం, క్రౌడ్‌స్ట్రైక్ ఫోల్డరులో ‘సి-00000291’తో మొదలయ్యే ఫైలును తొలగించడం, తిరిగి ప్రారంభించడం – ఇంతే మందు. కాని తెరుచుకోని యంత్రానికి దూరంనుండి ఆదేశాలు పంపడం చాలా సందర్భాలలో సాధ్యం కాలేదు. సాంకేతిక నిపుణులు ఒక్కొక్క యంత్రం దగ్గరకు వెళ్ళి చేతితో సరిచేయవలసి వచ్చింది. డిస్కుకు బిట్‌లాకర్ రక్షణ ఉన్న చోట్ల 48 అంకెల తాళపు సంఖ్యను కూడా నమోదు చేయవలసి వచ్చింది. జులై 29 నాటికి దాదాపు 99 శాతం యంత్రాలు తిరిగి పనిలోకి వచ్చినట్లు సంస్థ ప్రకటించింది. తెగిన పోగును వెదికి ముడివేసే నేర్పే చివరకు ప్రపంచాన్ని ఆదుకొన్నది.

ముందు భద్రత, తరువాత చికిత్స

ఉట్నూరు విద్యార్థిని విషయానికి వద్దాం. ఆమె చేయవలసిన మొదటి పని యంత్రం ఏ అంచెలో ఆగిందో గుర్తించడం. ఫ్యాను తిరగకపోతే, దీపం వెలగకపోతే దోషం కరెంటు తీగలోనో, విద్యుత్తును అందించే భాగంలోనో ఉంటుంది. ఫైలు ప్రసక్తి రాదు. తయారీదారుని గుర్తు కనిపించి ఆ తరువాత ఆగితే దోషం డిస్కులోనో, వ్యవస్థ ఫైళ్ళలోనో ఉండవచ్చు. తెర మీది సందేశాన్ని ఉన్నదున్నట్లు కాగితం మీద రాసుకోవాలి. లేదా ఫోనుతో ఫోటో తీసుకోవాలి. వైద్యునికి రోగి నాడి వంటిది మరమ్మతు చేసేవారికి ఆ సందేశం. తగిలించి ఉన్న పెన్ డ్రైవ్‌లు, ప్రింటరు వంటివి తీసివేసి ఒకసారి ప్రారంభించి చూడాలి. బయటి పెన్ డ్రైవ్‌నుండి తెరుచుకోబోయి యంత్రం ఆగిన సందర్భాలు కూడా ఉంటాయి.

రెండవ పని ముఖ్యమైన ఫైళ్ళను బయటికి తీయడం. నిర్వహణ వ్యవస్థ తెరుచుకోకపోయినా డిస్కును చదవడానికి దారులున్నాయి. పెన్ డ్రైవ్‌నుండి నేరుగా నడిచే లినక్స్ వాటిలో ఒకటి. డిస్కులో దేనినీ మార్చకుండా అది యంత్రాన్ని తెరుస్తుంది. అప్పుడు పాటలున్న ఫోల్డరును వేరొక డిస్కులోకి నకలు చేసుకోవచ్చు. డిస్కును ఊడదీసి, మరొక కంప్యూటర్‌కు తగిలించి చదవడం మరొక దారి. బిట్‌లాకర్ రక్షణ ఉంటే మాత్రం తాళపు సంఖ్య లేకుండా ఏ దారీ తెరుచుకోదు. డిస్కునుండి టక్‌టక్‌మనే ధ్వని వస్తూ ఉంటే యంత్రాన్ని వెంటనే ఆపివేసి, సమాచారాన్ని వెలికితీసే నిపుణులకు అప్పగించడం మేలు. పదే పదే ప్రారంభిస్తే మిగిలినది కూడా పోవచ్చు.

ఫైళ్ళు భద్రమైన తరువాతనే చికిత్స ప్రారంభించాలి. అందులోనూ తేలిక మందునుండి ఘాటు మందుకు పోవాలి. విండోస్ 10, 11 వ్యవస్థలలో ప్రారంభం వరుసగా రెండుసార్లు విఫలమైతే మరమ్మతు తెర తనంతట తానే వస్తుంది. అందులోని స్టార్టప్ రిపేర్ ప్రారంభానికి అవసరమైన ఫైళ్ళను పరీక్షించి సరిచేయడానికి ప్రయత్నిస్తుంది. అది చాలకపోతే సేఫ్ మోడ్‌లో తెరచి, ఇటీవల చేర్చిన డ్రైవరునో సవరణనో తొలగించాలి. సిస్టమ్ రీస్టోర్ ద్వారా వ్యవస్థను బాగున్న నాటి స్థితికి మళ్ళించడం తరువాతి మెట్టు. అప్పటికీ లొంగకపోతే ఆదేశాలు టైపు చేసే తెరను ఆశ్రయించాలి. చెక్‌డిస్క్ అనే ఆదేశం డిస్కులోని దోషాలను వెదుకుతుంది. ఎస్ఎఫ్‌సీ అనే ఆదేశం వ్యవస్థ ఫైళ్ళను ఒక్కొక్కటిగా సరిచూసి, చెడిన వాటి స్థానంలో మంచి నకళ్ళను ఉంచుతుంది. ఇవన్నీ విఫలమైన తరువాతనే సొంత ఫైళ్ళను నిలిపి ఉంచే రీసెట్‌కు వెళ్ళాలి. ఫార్మాట్ అన్నిటికంటె చివరిది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీ చాలాకాలంపాటు ఇంటర్నెట్ కేంద్రాలలోనూ, డీటీపీ దుకాణాలలోనూ విరివిగా వాడుకలో ఉన్నది. ఆ కాలంలో ‘ఎన్‌టీఎల్‌డీఆర్ కనబడుటలేదు’ అన్న అర్థమిచ్చే ఆంగ్ల సందేశం తెలియని మెకానిక్ ఉండేవాడు కాడు. విండోస్ సీడీతో యంత్రాన్ని తెరచి, ‘ఆర్’ అక్షరాన్ని నొక్కి రికవరీ కన్సోల్‌లోకి ప్రవేశించి, పోయిన ఫైలును సీడీనుండి నకలు చేస్తే యంత్రం మేలుకొనేది. రిజిస్ట్రీలోని సిస్టమ్ అనే ఫైలు చెడితే, దానికి పేరు మార్చి పక్కన పెట్టి, విండోస్‌లోనే ఉండే రిపేర్ ఫోల్డరునుండి పాత నకలును తెచ్చేవారు. చెడిన ఫైలును కూడా వెంటనే చెరిపివేయకుండా దాచి ఉంచడం అందులోని వివేకం. మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మద్దతును నిలిపివేసింది. సీడీలు పోయాయి, ఆదేశాలు మారాయి, వరుస మాత్రం మారలేదు.

మూడు నకళ్ళు

జబ్బు చేసిన తరువాత మందు కంటె జబ్బు రాకుండా చూసుకోవడం మేలని పెద్దలు చెబుతారు. కంప్యూటర్‌ను ఎప్పుడూ దాని పద్ధతి ప్రకారమే ఆపాలి. కరెంటు పోయినా కొన్ని నిమిషాలు నడిపించే యూపీఎస్‌ను అమర్చుకోవాలి. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు ప్లగ్గును గోడనుండి తీసివేయాలి. సవరణలు జరుగుతున్నప్పుడు యంత్రాన్ని ఆపకూడదు. బిట్‌లాకర్ తాళపు సంఖ్యను ముందే కాగితం మీద రాసి దాచుకోవాలి. బాగున్న రోజుననే ఒక పెన్ డ్రైవ్‌లో మరమ్మతు సాధనాన్ని తయారు చేసుకోవాలి.

వీటన్నిటికీ మించినది నకళ్ళను ఉంచుకోవడం. ఏ ముఖ్యమైన సమాచారానికైనా మూడు నకళ్ళుండాలి. అవి రెండు వేర్వేరు సాధనాలలో ఉండాలి. వాటిలో ఒకటి వేరొక చోట ఉండాలి. ఇది ప్రపంచమంతటా నిపుణులు పాటించే సూత్రం. రైతుకు ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. వచ్చే ఏటి విత్తనాన్ని తిండిగింజలతో కలిపి అతడు ఒకే చోట ఉంచడు.

ఉట్నూరు విద్యార్థిని దుకాణంలో ఫార్మాట్‌కు ఒప్పుకోలేదనుకొందాం. తన కళాశాల ప్రయోగశాలలో అధ్యాపకుని సహాయంతో లినక్స్ పెన్ డ్రైవ్‌తో యంత్రాన్ని తెరచింది. పాటలున్న ఫోల్డరు చెక్కుచెదరలేదు. దానిని ముందుగా బయటి డిస్కులోకి నకలు చేసింది. తరువాత స్టార్టప్ రిపేర్ నడిపితే కంప్యూటర్ మామూలుగా తెరుచుకొన్నది. ఆ సాయంత్రం ఆమె రెండవ నకలును కరీంనగర్‌లో ఉన్న పెదనాన్న ఇంటికి పంపింది. అమ్మమ్మ పాటలు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి.

చెడిపోయిన యంత్రం ముందు కూర్చున్నవారికి కావలసినది గొప్ప పాండిత్యం కాదు. ఎక్కడ ఆగిందో చూడడం, విలువైనదాన్ని ముందుగా కాపాడడం, చెడినంత మేరకే సరిచేయడం తెలిస్తే చాలు. ఆ మూడూ సిరిసిల్ల నేతకార్మికుడు ప్రతిరోజూ మగ్గం ముందు చేస్తున్న పనులే.